మందుల షాపు బల్ల వెనక నుంచి: మగవాళ్ల చర్మానికి కావలసినవి, అక్కరలేనివి

విజయవాడ ఆటోనగర్‌కు దగ్గరలో నాది చిన్న మందుల షాపు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, షెడ్లలో పెయింటు కొట్టేవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు. మగవాళ్లు చర్మం గురించి ఎలా అడుగుతారో ఇక్కడ కూర్చుంటే బాగా తెలుస్తుంది. ముందు తలనొప్పి మాత్ర అడుగుతారు. డబ్బులిచ్చి చిల్లర తీసుకుంటారు. పక్కన ఇంకెవరూ లేరని చూసుకుని, అప్పుడు గొంతు తగ్గించి, "బాబాయ్, ముఖానికి ఏదైనా మంచి క్రీము ఉందా?" అంటారు.

మంచిదంటే దేనికి మంచిదని అడిగితే, తిప్పి తిప్పి వచ్చే జవాబు ఒకటే: తెల్లబడాలి. ఈ కోరిక మీద మన దేశంలో పెద్ద వ్యాపారమే నడిచింది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. మగవాళ్లకు విడిగా ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ 2005లో వచ్చింది. 2020లో మొదటిది పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారినా నా బల్ల దగ్గర ప్రశ్న మారలేదు.

పుట్టుకతో వచ్చిన రంగును ఏ ట్యూబూ మార్చదు. వారం పది రోజుల్లో మార్చినట్టు కనిపిస్తే, సంతోషించడం ఆపి ఆ ట్యూబును అనుమానించాలి. మగవాడి చర్మానికి రోజూ కావలసినవి మూడే: ముఖాన్ని పీల్చేయకుండా కడిగేది ఒకటి, తేమను నిలిపేది ఒకటి, ఎండను ఆపేది ఒకటి. మిగతా విషయమంతా ఏమేమి మానేయాలన్నదే. కొనడం కంటే మానడమే కష్టం కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ట్యూబు వెనక్కి తిప్పి చదవండి

స్నేహితుడు చెప్పాడనో, పెళ్లి దగ్గరపడిందనో కుర్రాళ్లు ఒక క్రీము పేరు చెప్పి అడుగుతారు. అందులో సాధారణంగా మూడు మందులు కలిసి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్. మంగు మచ్చలకు డాక్టర్లు కొద్ది వారాలపాటు, తమ కనుసన్నల్లో వాడించే మందు అది. మూడోది స్టీరాయిడ్, అంటే వాపును, ఎరుపును అణిచే ఘాటైన మందు. దాన్ని ముఖానికి రోజూ స్నోలాగా పూసుకుంటే మొదట నిజంగానే ముఖం నున్నబడుతుంది, తేటగా కనిపిస్తుంది, మొటిమలు అణిగిపోతాయి. అందుకే మోసపోతారు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు పైకి తేలతాయి. ఎండలోకి వస్తే కారం పూసినట్టు మంట. కొందరికి కొత్తగా వెంట్రుకలు, ఒకే రకమైన చిన్న చిన్న మొటిమలు. మానేద్దామంటే, మానిన కొద్ది రోజులకే ముఖం ఎర్రబడి దురద, మంట రెట్టింపవుతాయి. భయపడి మళ్లీ అదే రాస్తారు. మనిషిని ట్యూబుకు కట్టేసే పద్ధతి ఇది.

కాబట్టి ఏ క్రీము కొన్నా ముందు అట్టపెట్టె వెనక సన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లుయోసినోలోన్: ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టీరాయిడే. 'సోన్', 'సోల్', 'లోన్' అని ముగిసే పేరు కనిపిస్తే ఆగి అడగండి. మైకోనజోల్ లాంటి ఫంగస్ మందుల పేర్లూ 'జోల్' అని ముగుస్తాయి, అవి వేరు. తేడా తెలియకపోతే బల్ల వెనక ఉన్న ఫార్మసిస్టును నిలదీసి అడిగే హక్కు మీకుంది. పెట్టె మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఉందంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం. పూతమందుగా వాడే స్టీరాయిడ్లలో చాలావాటిని చీటీ లేకుండా అమ్మడానికి అంతకుముందు ఉన్న సడలింపును కేంద్ర ప్రభుత్వం 2018లో తీసేసింది. అయినా చీటీ లేకుండా ఇచ్చే షాపులు లేవని నేను అనను. నేను ఇవ్వనన్నప్పుడు మొహం మాడ్చుకుని పక్క వీధికి వెళ్లేవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇప్పటికే నెలల తరబడి అలాంటిది రాస్తున్నవాళ్లు నా మాట విని ఒక్కరోజులో పారేయవద్దు. ఒక్కసారిగా మానాలా, మెల్లగా తగ్గించాలా అన్నది మీ ముఖాన్ని చూసి చర్మ వైద్యుడు చెప్పవలసిన మాట.

ఇదే బాపతు ఇంకో ట్యూబు తామరకు వాడేది. దాని సంగతి కింద వస్తుంది.

కడగడం

ముఖం రోజుకు రెండుసార్లు కడిగితే చాలు, పొద్దున ఒకసారి, ఇంటికి వచ్చాక ఒకసారి. మధ్యలో చెమట పడితే ఉత్త నీళ్లు చాలు. జిడ్డు పోవడం లేదని గంటకోసారి సబ్బుతో రుద్దితే చర్మం ఎండిపోయి బిర్రబిగుస్తుంది, మొటిమలు మరింత రేగుతాయి.

చర్మం సహజంగా కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. ఆమ్లమా క్షారమా చెప్పే పీహెచ్ కొలతలో 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. చర్మానిది సుమారు 5, మామూలు సబ్బుది 9 నుంచి 10. ఒంటికి ఫర్వాలేదు కానీ ముఖానికి, అందులోనూ పొడిచర్మం ఉన్నవాళ్లకు ఇది గరుకు వ్యవహారం. సబ్బు కొనేటప్పుడు కవరు మీద రెండు మాటలు చూడండి. ఒకటి అది టాయిలెట్ సోపా, లేక కొవ్వు పదార్థం తక్కువగా ఉండే బాతింగ్ బారా అన్నది. రెండోది టీఎఫ్‌ఎం, అంటే కొవ్వు పదార్థం శాతం. మన ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సోపుల్లో మొదటి శ్రేణికి 76 శాతం ఉండాలి, రెండో శ్రేణికి 70, మూడోదానికి 60. పెద్ద వాసన, పెద్ద ప్రకటన ఉన్న సబ్బు కవరు తిప్పి చూస్తే ఒక్కోసారి ఆశ్చర్యం వేస్తుంది. ముఖం మరీ బిగుసుకుపోతోందంటే సబ్బు పక్కన పెట్టి, నురగ తక్కువగా వచ్చే, వాసన లేని ఫేస్‌వాష్ తీసుకోండి. 'మగవాళ్లకు' అని నల్ల డబ్బాలో పెట్టినంత మాత్రాన లోపలి సరుకు వేరేది కాదు. ఇంట్లో ఆడవాళ్లు వాడే మంచి ఫేస్‌వాష్ ఉంటే అదే వాడండి. గడ్డం ఉన్న చర్మానికి వేరే రసాయన శాస్త్రం లేదు.

బొగ్గు, వాల్‌నట్ పలుకులు అంటూ వచ్చే గరుకు స్క్రబ్బుల జోలికి పోవద్దు. నలుగు పెట్టుకునే అలవాటుంటే వారానికోసారి మెత్తటి పెసరపిండితో పెట్టుకోండి, మొటిమల మీద మాత్రం రుద్దవద్దు. నిమ్మచెక్క అసలే వద్దు. నిమ్మరసం పడిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు బొబ్బలెక్కి, తర్వాత నల్లటి చారలు మిగులుతాయి.

ఇక చేతులు. ఆటోనగర్‌లో పని చేసేవాళ్లకు ముఖం కంటే ముందు చెప్పవలసింది చేతుల గురించే. సాయంత్రం పని ముగిశాక గ్రీజు వదలడానికి ఒక మగ్గులో కిరోసినో, డీజిలో, పెట్రోలో పోసుకుని చేతులు ముంచుతారు. ఆపైన బట్టల సబ్బుతో తోముతారు. కొన్నాళ్లకు వేళ్ల కణుపుల మీద తెల్లటి పొలుసులు, ఆ తర్వాత నెర్రెలు, చివరికి అన్నం కలిపితే మంట. గ్రీజు నూనె పదార్థం, దాన్ని కరిగించడానికి నూనె చాలు. పొడి చేతుల మీద చెంచాడు కొబ్బరినూనె గానీ వంటనూనె గానీ వేసుకోండి. నీళ్లు ఇంకా తగలనీయవద్దు. గోళ్ల అంచుల్లో, వేళ్ల సందుల్లో ఒకటి రెండు నిమిషాలు రుద్దండి. నూనె నల్లబడుతుంది. దాన్ని బనియన్ వేస్టుతో తుడిచేయండి. మిగిలింది ఒంటి సబ్బుతో కడగండి. తుడుచుకున్న వెంటనే పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. పనిలోకి దిగే ముందు కూడా గోళ్ల చుట్టూ అదే కొంచెం పట్టిస్తే సాయంత్రం గ్రీజు సులువుగా వదులుతుంది. పగుళ్లు రక్తం వచ్చేదాకా వెళ్లినవాళ్లకు ఈ నూనె ఒక్కటే సరిపోదు, చూపించుకోవాలి.

తేమ

"జిడ్డు ముఖానికి మళ్లీ క్రీమా?" అన్నది రెండో ప్రశ్న. జిడ్డు, తేమ ఒకటి కావు. ముఖం జిడ్డోడుతూనే లోపల పొడిబారి ఉండవచ్చు. జిడ్డు ముఖం వాళ్లు జెల్ లాంటిది, లేదా నీళ్లలా జారే లోషన్ తీసుకోవాలి. పొడిచర్మం వాళ్లకు చిక్కటి క్రీము కావాలి. వెనక పేర్లలో గ్లిజరిన్, సెరమైడ్, పెట్రోలేటం లాంటివి మొదటి వరుసల్లో ఉంటే చాలు. బంగారు రేణువులు, కుంకుమపువ్వు ఉన్నాయని ఎక్కువ ధర పెట్టనక్కరలేదు.

ఎప్పుడు రాస్తారన్నది ఏది రాస్తారన్నంత ముఖ్యం. స్నానం చేసి తువ్వాలుతో గట్టిగా రుద్దకుండా అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాయాలి. పూర్తిగా ఆరి, తెల్లగీతలు పడ్డాక రాస్తే సగం వృథా. సంక్రాంతి ముందు చలిరోజుల్లో కాళ్ల పిక్కలు, మోచేతులు తెల్లబారతాయి కదా, వాటికీ ఇదే సూత్రం. ఉత్త గ్లిజరిన్ చిక్కగా రాయకుండా నీళ్లో రోజ్‌వాటరో కలుపుకుని రాయండి.

ఎండ

మే నెలలో బెజవాడ ఎండ గురించి నేను చెప్పాలా? అయినా సన్‌స్క్రీన్ అనగానే నవ్వేవాళ్లే ఎక్కువ. "మనం ఎటూ నల్లవాళ్లమే కదా" అంటారు. మన రంగు మనకు కొంత గొడుగు పడుతుంది, నిజమే. చర్మ క్యాన్సర్ తెల్లవాళ్లకు వచ్చినంతగా మనకు రాదు. కానీ మంగు, నల్లమచ్చలు, మొటిమ తగ్గాక మిగిలే మరకలు మన చర్మానికే ఎక్కువ, వాటిని ముదరబెట్టేది ఎండే. తెల్లబడే క్రీముకు డబ్బు పెట్టి, ఎండలో ముఖం పెట్టుకుని తిరగడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

సన్‌స్క్రీన్ డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. అది 30 ఉంటే, చర్మాన్ని కాల్చే యూవీబీ ఎండ కిరణాల్లో సుమారు 97 శాతం ఆగుతుంది. 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం జేబు ఖాళీ చేసుకోనక్కరలేదు. దానికంటే పీఏ పక్కన ప్లస్ గుర్తులు మూడైనా ఉన్నాయో లేదో చూడండి. అది చర్మం లోపలి దాకా వెళ్లి ముడతలు తెచ్చే యూవీఏ కిరణాల సంగతి చెబుతుంది. యూవీఏ కిటికీ అద్దంలోంచి కూడా లోపలికి వస్తుంది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక లారీ డ్రైవరు ఫొటో వేసింది. అతనికి 69 ఏళ్లు, 28 ఏళ్లు బండి నడిపాడు. అమెరికాలో స్టీరింగు ఎడమవైపు. ఆ మనిషి ఎడమ చెంప అంతా ముడతలు పడి, మందమై, గడ్డలు కట్టి ఉంది. కుడి చెంప మరొకరిదా అన్నట్టుంది. ఆ ఫొటో నా ఫోనులో దాచుకున్నాను. నవ్విన ప్రతి డ్రైవరుకూ చూపిస్తాను. మన బండ్లలో స్టీరింగు కుడివైపు కాబట్టి వాళ్లు వెంటనే కుడి చెంప తడుముకుంటారు.

రాసే పద్ధతి: చూపుడువేలు, మధ్యవేలు చాపి, రెండింటి పొడవునా ఒక్కో గీత గీయండి. ముఖానికి, మెడకు కలిపి అంత కావాలి. శనగగింజంత రాసి ఎస్‌పీఎఫ్ 50 రాశామనుకోవడం భ్రమ. చెవులు, మెడ వెనక, పలచబడ్డ నడినెత్తి, బండి హ్యాండిల్ మీద ఉండే చేతి వెనక భాగం, ఈ నాలుగు చోట్లా మగవాళ్లు మర్చిపోతారు. బయటికి వెళ్లే పావుగంట ముందు రాయాలి, ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. డెలివరీ బండి మీద తిరిగే కుర్రాడికి అది కుదరదని నాకూ తెలుసు. అలాంటప్పుడు కనీసం మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడిగినప్పుడు ముఖం కూడా కడిగి ఇంకోసారి రాసుకోండి, మిగతా పని పొడుగు చేతుల చొక్కాకూ తువ్వాలుకూ వదిలేయండి. తలకు తువ్వాలు చుట్టుకుని మెడ మీదికి వదిలే మన రైతు పద్ధతి ఏ సన్‌స్క్రీనుకూ తీసిపోదు. పైగా దానికి గడువు తేదీ లేదు.

తిరుమల వెళ్లి గుండు చేయించుకున్నవాళ్లకు ఒక మాట. ఎన్నో ఏళ్లుగా ఎండ చూడని చర్మం అది. గంధం చల్లగా ఉంటుంది కానీ ఎండను పూర్తిగా ఆపదు. కొండ దిగిన దగ్గర నుంచి టోపీయో తువ్వాలో ఉంచుకోండి, గీతలూ మంటా తగ్గాక నెత్తికీ సన్‌స్క్రీన్ రాయండి.

గడ్డం

స్నానం తర్వాత గీసుకుంటే సగం సమస్యలు రావు. నీళ్లకు వెంట్రుక నాని మెత్తబడుతుంది. తీరిక లేకపోతే గోరువెచ్చని నీళ్లలో ముంచిన తువ్వాలు రెండు నిమిషాలు గడ్డం మీద ఉంచండి.

షాపుకు వచ్చే కుర్రాళ్లలో మెడ మీద, దవడ కింద ఎర్రటి పొక్కులతో వచ్చేవాళ్లు చాలామంది. మొటిమల క్రీము అడుగుతారు. అవి మొటిమలు కావు. నున్నగా రావాలని ఎదురు గీసినప్పుడు వెంట్రుక చర్మం లోపలికి తెగి, పెరిగేటప్పుడు వంకర తిరిగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఉంగరాల జుట్టు వాళ్లకు మరీ ఎక్కువ. దీనికి నేను బల్ల దగ్గరే ఒక పని చేయిస్తాను: ఒక రోజు పెరిగిన గడ్డం మీద బొటనవేలు నాలుగు వైపులకూ రాసి చూడమంటాను. నున్నగా జారినవైపు వాలు, గరుకుగా తగిలినవైపు ఎదురు. బుగ్గ మీద కిందికి ఉన్న వాలు మెడ దగ్గరికి వచ్చేసరికి పక్కకో పైకో తిరిగిపోతుంది. చాలామందికి ఆ సంగతి అప్పుడే తెలుస్తుంది. ఇకమీదట వాలు వెంట మాత్రమే గీయండి. చర్మాన్ని వేలితో లాగి పట్టవద్దు. ఒకే చోట రెండోసారి బ్లేడు తిప్పవద్దు. ప్రతి గీతకూ బ్లేడు కడగండి. బ్లేడు వెంట్రుకను లాగుతున్నట్టనిపించిన రోజే మార్చండి. పొక్కులు మరీ ఎక్కువగా ఉంటే కొన్ని వారాలు బ్లేడు మానేసి ట్రిమ్మరు పెట్టుకోండి, కొద్దిగా గరుకు మిగిలితే కొంపలేం మునిగిపోవు.

గీశాక చల్లటి నీళ్లు, ఆ తర్వాత వాసన లేని మాయిశ్చరైజర్. భగ్గున మండే ఆఫ్టర్ షేవ్ మగతనానికి గుర్తని ఎవరు చెప్పారో గానీ, ఆ మంట ఆల్కహాలుది. పొడిచర్మం వాళ్లకు అది ఇంకా ఎండబెట్టడమే.

మంగలి షాపులో చేయించుకునేవాళ్లు బ్లేడు మీ ఎదురుగా కాగితంలోంచి తీసి విరిచి పెట్టమని అడగండి. ఈమధ్య అందరూ కొత్త బ్లేడే వేస్తున్నారు, సంతోషం. కానీ పటిక ముక్క సంగతి ఎవరూ పట్టించుకోరు. పొద్దున్నుంచి వచ్చిన ప్రతి గడ్డం మీదా, ప్రతి గాటు మీదా తిరిగిన ముక్కే మీ ముఖం మీదికీ వస్తుంది. హెపటైటిస్ బి, సి రక్తం ద్వారా పాకే జబ్బులు. పటిక మంచిదే, చిన్న గాట్ల దగ్గర రక్తం ఆపుతుంది. కానీ మీ ముక్క మీ జేబులో ఉండాలి. లేదా వద్దని చెప్పి నీళ్లతో కడిగించుకోండి.

పెంచుకునేవాళ్లకు వేరే బాధ, గడ్డంలో చుండ్రు. కార్తీకం నుంచి మకర సంక్రాంతి దాకా, అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు చాలామంది దీనికోసం వస్తారు. ముక్కు పక్కల, కనుబొమల్లో, గడ్డం కుదుళ్లలో పసుపురంగు పొలుసులు, దురద. నూనె రాస్తే తగ్గుతుందనుకుంటారు. ఈ చుండ్రుకు కారణమైన ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ కొవ్వు తిని బతుకుతుంది, నూనె పెడితే దానికి విందే. కీటోకోనజోల్ అనే ఫంగస్ మందు 2 శాతం ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, నురగ కుదుళ్లకు పట్టించి అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. దీక్షలో సబ్బు, షాంపూ వాడకూడదన్న నియమం పాటించేవాళ్లు అది మందని గురుస్వామితో ఒక మాట చెప్పుకోండి. మాల తీశాక ఒత్తుగా పెరిగిన గడ్డాన్ని నేరుగా బ్లేడుతో పట్టవద్దు. ముందు ట్రిమ్మరు, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే బ్లేడు.

మొటిమలు

చిన్నవి, అక్కడక్కడా ఉన్నవి అయితే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్‌తో మొదలుపెట్టండి. 10 శాతం అయితే తొందరగా పోతాయనుకుంటారు, ఫలితంలో పెద్ద తేడా లేదు, మంటలోనే తేడా. రాత్రిపూట, ముఖం కడిగి ఆరాక, పలచగా. దిండు గలీబు రంగు పోగొడుతుంది, తెల్ల గుడ్డ వేసుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి, నాలుగో రోజున ట్యూబు తెచ్చి పని చేయలేదనవద్దు. పేస్టు పూయడం, గిల్లడం రెండూ మచ్చలకు దారి.

నుదుటి మీద మాత్రమే వస్తుంటే రెండు చూడండి, తలనూనె, హెల్మెట్. నూనె రాత్రి పెట్టి పొద్దున తలస్నానం చేయండి. హెల్మెట్ లోపలి మెత్త ఊడదీయగలిగితే వారం వారం ఉతకండి, లేకపోతే కింద నూలు గుడ్డ కట్టి రోజూ ఆ గుడ్డ మార్చండి. వీపు మీద, భుజాల మీద ఉన్నట్టుండి పెద్ద పెద్ద గడ్డలు లేస్తున్నాయంటే జిమ్ముకు వెళ్లే కుర్రాడిని నేను ఒక ప్రశ్న అడుగుతాను: కండలు పెంచడానికి కోచ్ ఏమైనా సూది వేశాడా? జవాబు నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు, డాక్టరుకు మాత్రం చెప్పాలి.

బట్ట కింద దాగేవి

ముఖం గురించి గొంతు తగ్గించి అడిగేవాళ్లు గజ్జల గురించి అసలు అడగరు. కాగితం మీద రాసి చూపిస్తారు. ఎర్రటి గుండ్రటి అంచు, మధ్యలో తేటగా, తెగ దురద. తామర. చెమట, బిగుతు జీన్సు, రాత్రి దాకా విప్పని తడి డ్రాయరు. దీనికి బయట తేలిగ్గా దొరికే 'అన్నీ కలిసిన' క్రీముల్లో ఫంగస్ మందుతోపాటు క్లోబెటసోలో బీటామెథసోనో కలిపి ఉంటుంది. దురద ఒక రాత్రిలో పోతుంది, ఫంగస్ పోదు. అంచులు చెరిగిపోయి, తొడల దాకా, నడుము దాకా పాకుతుంది. మన దేశంలో ఈ పదేళ్లలో తామర మొండికెత్తడానికి ఈ కలగాపులగం క్రీములు ఒక ముఖ్య కారణమని చర్మ వైద్యులు మొత్తుకుంటున్నారు. పైగా ఒకప్పుడు రెండు వారాల్లో లొంగిన మందులకు ఇప్పుడు లొంగని ఫంగస్ తిరుగుతోంది. కాబట్టి చిన్నదిగా ఉన్నప్పుడే చూపించుకోండి. మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా మందు రాయాలి. కనిపించకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు ఆపకూడదు.

మొలతాడు విషయం చెప్పడానికి నాకు మొదట్లో మొహమాటంగా ఉండేది. రోజూ తడిసి, ఎప్పటికీ పూర్తిగా ఆరని నూలుతాడు నడుం చుట్టూ ఉంటే తామరకు అదే ఇల్లు. తగ్గేదాకా తీసేయండి, లేదా వెండిది వేసుకుని దాని కింద రోజూ తుడవండి. చేతికి కట్టుకున్న పాత దారాలదీ అదే కథ. ఇంట్లో తువ్వాలు ఎవరిది వాళ్లకు ఉండాలి. తామర ఉన్నవాళ్ల బట్టలు వేడినీళ్లలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. ఇంటికొచ్చాక లుంగీ కట్టుకోండి. దాన్ని మించిన వైద్యం వేసవిలో లేదు.

మెడ మీద, ఛాతీ మీద తెల్లగా, సన్నటి పొట్టుతో మచ్చలు వస్తే బొల్లి అని హడలిపోతారు. చాలాసార్లు అది శోభి. మందుతో ఫంగస్ వారాల్లో పోతుంది, రంగు మాత్రం నెలలు తీసుకుంటుంది.

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా తయారైతే పీచుతో తోమడం ఆపండి. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదనడానికి అదొక సూచన కావచ్చు. షుగరు పరీక్ష చేయించుకుని, నడుం కొలత తగ్గించుకుంటే మెడ దానంతటదే మెల్లగా తేటపడుతుంది. ఈ మాట విని క్రీముకు బదులు రక్తపరీక్షకు వెళ్లినవాళ్లలో కొందరు ఇప్పుడు నా దగ్గర షుగరు మాత్రలు తీసుకుంటున్నారు.

మడమ పగుళ్లకు రాత్రి పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, యూరియా ఉన్న క్రీము రాసి, నూలు మేజోళ్లు వేసుకుని పడుకోండి. షుగరు ఉన్నవాళ్లు పగుళ్లను బ్లేడుతో కోసుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

జుట్టుకు, మీసానికి రంగు వేసేవాళ్లకు ఒకే మాట. నల్లరంగుల్లో ఎక్కువగా పీపీడీ అనే పదార్థం ఉంటుంది. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడండి. దురదో, ఎరుపో వస్తే ఆ పొట్లం పారేయండి. ముందు పదిసార్లు ఏమీ కాలేదన్నది హామీ కాదు, పదకొండోసారి కళ్లు మూసుకుపోయేలా ముఖం వాచినవాళ్లున్నారు.

నా షాపుకు కాకుండా డాక్టరు దగ్గరికి

నెలదాటినా మానని పుండు. ఆకారమో రంగో మారుతున్న పుట్టుమచ్చ, ముఖ్యంగా అరికాలిలో, గోటి కింద కొత్తగా వచ్చిన నల్లచార. ముఖం మీద చీము గడ్డలు. అన్నిటికంటే ముందు, ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయిన లేదా రాగిరంగు మచ్చ ఉండి, దాని మీద దూది రాసినా తెలియకపోతే ఒక్కరోజు ఆగవద్దు. అది కుష్టు కావచ్చు. దాని మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, తొందరగా మొదలుపెడితే నరాలు దెబ్బతినకుండా పూర్తిగా నయమవుతుంది.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. సగం వాడినవి, ఖాళీ అయినవి, స్నేహితుడు ఇచ్చిన పేరులేని డబ్బా కూడా. "ఏదో తెల్ల క్రీము రాశానండీ" అంటే డాక్టరు చేయగలిగింది చాలా తక్కువ.